చక్రం తిరిగినంతసేపు

తార్నబెర్గ్
అక్టోబరు చివర

హెడ్డా పిల్లా,

లింగ్‌స్తాద్ దాకా వచ్చి నిన్ను పలకరించకుండా వెళ్ళిపోయానని మీ అమ్మ ఫోన్ చేసి మరీ తిట్టింది. పిన్నికి చెప్పిందే నీకూ చెబుతున్నాను. అంబులెన్స్ బోర్డు మీటింగ్ అయ్యేసరికి పొద్దు వాలింది. చీకటి పడితే ఆ అడవి దారిలో దుప్పులు రోడ్డుకి అడ్డంగా నిలబడతాయి. అంబులెన్స్ నర్సునే ఇంకో అంబులెన్స్ వచ్చి మోసుకుపోతే బాగుండదని తొందరగా బయలుదేరాను.

నిన్ను చూడలేదు గాని నీ రిపోర్టును చూశాను. చూశాననడం కంటే దానికోసం కాచుకుని కూర్చున్నాననడం సబబు. గోడ మీద తెర వేశారు. తెర నడిమధ్య ఒక చిన్న చక్రం తిరుగుతూ ఉంది. తిరుగుతూనే ఉంది. మీ కొత్త డైరెక్టరు మోర్టెన్ ఫ్రిస్క్ "ఇదిగో వచ్చేస్తోంది, ఇంకాస్త" అంటూ చెమట తుడుచుకుంటున్నాడు. మేం కాఫీ పోసుకున్నాం, దాల్చినచెక్క బన్నులు తిన్నాం, మళ్ళీ పోసుకున్నాం. మన ప్రాంతంలో అంబులెన్స్ వెళ్ళిన ప్రతి పిలుపూ అందులో ఉందని, ఏ స్టేషన్ మీద నొక్కితే ఆ స్టేషన్ లెక్క వస్తుందని చెప్పారు. రావాలి కదా ముందు.

పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని, అయినవాళ్ళకి మాత్రం కాగితం మీదే రాస్తానని ఒట్టు పెట్టుకున్న మహాతల్లివి. నీ ఉత్తరం నాకు చేరడానికి నాలుగు రోజులు. నీ రిపోర్టు అంతకంటే కాస్త ముందే తెరుచుకుంటుందిలే.

నవ్వులాటకి అన్నాను గాని, ఆ ఆలస్యం నాకు మేలే చేసింది. బోర్డు వాళ్ళలో ఒకాయన ఊరకే కూర్చోలేక "మీ వైపు సంగతులేంటమ్మా తోరున్?" అన్నాడు. ఎల్గ్‌షో చెరువు అవతల పాడి ఆవులు పెంచే ఊల్రికాకి గుండెనొప్పి వచ్చిన రోజు సంగతి చెప్పాను. వానకి రోడ్డు కోసుకుపోతే, మా డ్రైవరు బోర్యే దుంగల లారీలు తిరిగే అడవి బాటలోకి బండి తిప్పాడు. ఆ బాట ఏ మ్యాపులోనూ లేదు. "పట్టుకో డాక్టరమ్మా, నీ పళ్ళన్నీ నీ నోట్లోనే ఉంటాయని హామీ ఇవ్వలేను" అన్నాడు వెధవ. ఊల్రికా బతికింది. నేను చెబుతుంటే ఒకావిడ బన్ను కొరకడం మానేసి వింది.

మార్చిలో తేలుస్తారట, మా అంబులెన్స్ తార్నబెర్గ్‌లోనే ఉంటుందా, వీక్‌కి తరలిస్తారా అని. వీక్ మాకు గంట పైగా దారి, అదీ రోడ్డు బాగుంటేనే. అది పోతే ఈ వైపు జనం గతేమిటో తలుచుకుంటేనే నాకు భయం. మొన్న వాళ్ళ మొహాలు చూశాక కాస్త ఆశ పుట్టింది.

మీ అక్క
తోరున్


లింగ్‌స్తాద్
నవంబరు

అక్కా,

నవ్వు, బాగా నవ్వు. ఆ చక్రం నా పరువు తీస్తోంది. ఆఫీసులో దానికి పేరు కూడా పెట్టారు, "హెడ్డా గానుగ" అని. కాగితాల మీద నేను హెడ్విగ్‌ని, గానుగకి మాత్రం ముద్దుపేరే దొరికింది. మోర్టెన్ నన్ను పిలిచి, "చూడు హెడ్డా, నేను కప్పు పెదవి దాకా ఎత్తేలోపు ఇది తెరుచుకోవాలి. నీ వల్ల అవుతుందా, బయటి వాళ్ళని పిలవనా?" అన్నాడు. నా ఉద్యోగం క్రిస్మస్ దాకానే అని నీకు తెలుసు. ఆ తర్వాత ఉంచుతారా పంపిస్తారా అన్నది ఈ పని మీదే ఉంది.

అది ఎందుకంత బరువో కనిపెట్టాను. నాకంటే ముందున్నాయన ఏదీ పారేయలేదు. ఒక్కో పిలుపుకి ఫోన్ మోగిన క్షణం, బండి కదిలిన క్షణం, చేరిన క్షణం, అన్నీ సెకన్లతో సహా. బండి దారి పొడుగునా ఎక్కడెక్కడుందో ఆ చుక్కలన్నీ. పైగా మీరు రాసే రోడ్డు గమనికలు. అంకెలు సర్దుకుంటాయి అక్కా, ఒకే అంకె వెయ్యిసార్లు వస్తే కంప్యూటర్ ఒక్కసారే దాచుకుంటుంది. మాటలు అలా కాదు. ఏ ఇద్దరూ ఒకే మాట రాయరు, ప్రతిదీ విడిగా మోయాలి. కొండ మీది గుడిసెకి వెళ్తూ ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ సంచీలో వేసుకున్నట్టుంది నా రిపోర్టు.

సంచీ విప్పి ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతున్నాను. నిజం చెప్పనా, నాకు ఈ పని మహా ఇష్టంగా ఉంది. తీసే కొద్దీ అది తేలికపడుతుంటే నాకే ఒళ్ళు తేలికైనట్టుంది. జనవరి మీటింగ్‌కి వస్తావుగా, అప్పుడు చూడు నీ చెల్లి సత్తా.

బోర్యే అన్నయ్యకి నా నమస్కారాలు చెప్పు. చిన్నప్పుడు నన్ను అంబులెన్స్‌లో కూర్చోబెట్టి సైరన్ మోగించినందుకు ఆయనకి పడ్డ చీవాట్లు నాకింకా గుర్తే.

నీ
హెడ్డా


తార్నబెర్గ్
జనవరి

హెడ్డా,

నీ ఉద్యోగం ఖాయమైందని పిన్ని చెప్పింది. చాలా సంతోషం. బోర్యే అయితే "ఆ పిల్ల సైరన్ వినే పైకొచ్చింది" అని ఊరంతా చెప్పుకుంటున్నాడు.

మీటింగ్‌కి వచ్చాను. నువ్వు మూలన కంప్యూటర్ దగ్గర కూర్చుని నాకేసి కన్ను గీటావు. నేను కోటు తగిలించి వెనక్కి తిరిగేసరికి రిపోర్టు తెర మీద ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మా చెల్లి అని పక్కావిడకి చెప్పుకున్నాను కూడా.

ఆ తర్వాత ఏం జరిగిందో నువ్వు గమనించావో లేదో. కాఫీ ఫ్లాస్కు మూత ఎవరూ తీయలేదు. పశ్చిమం అని ఒక ముక్క, తూర్పు అని ఒక ముక్క, రెండూ పచ్చగానే ఉన్నాయి, అంటే బండ్లు వేళకి చేరుతున్నాయట. మోర్టెన్ "బొమ్మ స్పష్టంగానే ఉంది" అన్నాడు. ఇంకో నాలుగు అంశాలు గడగడా అయిపోయాయి. చివర "ఇతర విషయాలు?" అన్నాడు. మన దగ్గర ఆ మాట వినపడగానే అందరూ పెన్నులకి మూతలు పెడతారని నీకు చెప్పాలా? అప్పుడు నోరు విప్పితే పదిమంది భోజనానికి అడ్డుపడ్డ మొరటు మనిషి అవుతాం. క్రిస్మస్ ముందు మంచు తుఫానులో మేం పడ్డ పాట్లు చెబుదామని దారంతా మనసులో అనుకుంటూ వచ్చాను. నేనూ ఈ దేశంలో పెరిగినదాన్నే. నేనూ పెన్ను మూత పెట్టాను.

రెండు మాటలు అడుగుతాను, జవాబు రాయి. మా స్టేషన్ పేరు ఎక్కడా కనబడలేదేం? మేం రాసిన రోడ్డు గమనికలు ఏమయ్యాయి? చేతులు కొంకర్లు పోతుంటే గ్లవ్స్ తీసి రాసినవి అవి.

అక్క


లింగ్‌స్తాద్
జనవరి చివర

అక్కా,

నీ ఉత్తరంలో కోపం ఉందో లేదో తెలియక రెండుసార్లు చదివాను.

స్టేషన్ పేరు సంగతి. తార్నబెర్గ్‌ది, ఇంకో రెండు ఊళ్ళది, వీక్‌ది కలిపి పశ్చిమం అని ఒకటి చేశాను. మీకు వచ్చే పిలుపులు తక్కువ. తక్కువ ఉన్నవాటిని విడివిడిగా గీయడానికే మ్యాపు ఎక్కువ సేపు తీసుకునేది. సెకన్లు తీసేసి నెలకి ఒక సగటు ఉంచాను. ఇది నేను కనిపెట్టింది కాదు, ఎక్కడైనా చేసేదే.

గమనికలు పారేయలేదు. మా కంప్యూటర్ల పెద్ద గిడ్డంగిలో భద్రంగా ఉన్నాయి, రిపోర్టులోంచి మాత్రమే తీశాను. కళ్ళు మూసుకుని తీయలేదు అక్కా. ఎవరు ఏ భాగం తెరిచి చూస్తున్నారో మాకు తెలుస్తుంది. ఏడాది మొత్తం వెతికాను. నీకు చెప్పడం నాకే కష్టంగా ఉంది. మీ గమనికల మీద ఒక్కరు కూడా నొక్కలేదు. ఒక్కసారి కూడా. ఎవరూ తెరవని దాన్ని అందరి చేతా ఎందుకు మోయించాలి?

మీరు అంత కష్టపడి రాసింది ఎవరూ చదవలేదంటే నాకూ బాధగానే ఉంది. ఆ తప్పు మాత్రం నాది కాదు.

హెడ్డా


తార్నబెర్గ్
ఫిబ్రవరి

హెడ్డా,

ఎవరూ నొక్కలేదు. నిజమే అయి ఉంటుంది. ఎందుకు నొక్కుతారే? నేను అక్కడే, బల్లకి ఇటు పక్క కూర్చుని నోటితో చెబుతుంటే వేలుతో నొక్కాల్సిన ఖర్మ వాళ్ళకేంటి? ఆ చక్రం తిరిగినంతసేపు వాళ్ళు చదివింది నన్ను. అది నీ యంత్రానికి కనబడలేదు. ఆరేళ్ళుగా ప్రతి మీటింగ్‌లోనూ ఈ లోయని వాళ్ళకి చెబుతూ వచ్చాను. నువ్వు నన్నూ గమనికల్నీ కలిపి కూరలో కరివేపాకులా ఏరి పారేశావు.

కోపం ఉందో లేదో తెలియలేదన్నావు. ఉంది.

మార్చి మీటింగ్‌కి స్టేషన్ల నుంచి ఎవరూ రానక్కర్లేదని ఉత్తర్వు వచ్చింది. రిపోర్టు స్పష్టంగా ఉందట, అంత దూరం నుంచి మనుషుల్ని రప్పించడం దండగట. అంటే మా అంబులెన్స్ ఉంటుందా పోతుందా తేల్చే గదిలో మా లోయ మొహం తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే. వీక్ వాళ్ళ చిన్న చిన్న దూరాల్లో కలిసిపోయి మా దూరం పచ్చరంగు పూసుకుంది. అది వాళ్ళకి తెలియదు. నీకు తెలుసు.

నేను నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. తార్నబెర్గ్‌ని విడిగా చూపించు. కుదరకపోతే, మోర్టెన్ "ఇతర విషయాలు?" అన్నప్పుడు ఒక్క మాట మాట్లాడు. "పశ్చిమం అంటే ఒక ఊరు కాదు" అను చాలు. ఒక్క మాట.

బోర్యేకి ఈ సంగతి చెప్పాను. "హెడ్డా మాట్లాడుతుందిలే, దానికి సైరన్ అంటే ఇష్టం" అన్నాడు.

తోరున్ అక్క


లింగ్‌స్తాద్
మార్చి

ప్రియమైన అక్కా,

నిర్ణయం సంగతి ఈపాటికి మీకు అధికారికంగా తెలిసే ఉంటుంది. నాకు చాలా బాధగా ఉంది.

నేను ఏమీ చేయలేదని అనుకోకు. నీ ఉత్తరం అందిన రోజే మోర్టెన్ దగ్గరికి వెళ్ళాను. స్టేషన్లు విడగొడదామన్నాను. "మళ్ళీ ఆ గానుగ తిప్పిస్తావా? అయినా ఒక ఊరి కోసం మార్చావంటే రేపు ఊరూరూ అడుగుతుంది. ఆ నర్సు మీ అక్కటగా?" అన్నాడు. ఆ చివరి మాట విని నా సీటుకి తిరిగొచ్చేశాను. అయినా మూడో పేజీ అడుగున ఒక చిన్న బటన్ పెట్టాను. దాని మీద నొక్కితే తార్నబెర్గ్ విడిగా వస్తుంది, కింద మీ గమనికలు కూడా. కావాలనుకున్నవాళ్ళు చూసుకునే అవకాశం ఉంది.

మీటింగ్ మామూలుగానే జరిగింది. మూడో పేజీ దాకా వెళ్ళాల్సిన పని పడలేదు. ఇతర విషయాల దగ్గర ఎవరూ ఏమీ లేవనెత్తలేదు. నేను కంప్యూటర్ నడపడానికి కూర్చునే మనిషిని, బోర్డు సభ్యురాలిని కాదు. ఆ గదిలో ఎవరు మాట్లాడాలో ఎవరు మాట్లాడకూడదో ఒక పద్ధతి ఉంటుంది, నీకూ తెలుసు.

వీక్‌కి కొత్త బండి ఇస్తున్నారట, చాలా మంచిదట. నీకు అక్కడ పోస్టు ఖాయం. నీకిష్టమైన ముదురు కాఫీ పొడి ఒక పొట్లం దీంతో పంపుతున్నాను.

నీ
హెడ్డా


తార్నబెర్గ్
జూన్

హెడ్విగ్‌కి,

ఉత్తరం అందింది. కాఫీ పొడి అందింది. కృతజ్ఞతలు.

స్టేషన్ మూసేశారు. బండిని వీక్ కుర్రాడు ఒకడు వచ్చి తోలుకుపోయాడు. బోర్యే తాళాలు ఇచ్చి, గేరు ఎక్కడ పట్టేస్తుందో చెప్పబోతే ఆ కుర్రాడు చెవుల్లో పాటలు పెట్టుకుని ఉన్నాడు. బోర్యేని వీక్‌కి రమ్మన్నారు. రానన్నాడు. అడవిలో చెట్లు కొట్టే కంపెనీలో చేరాడు. నేను రోజూ వీక్ వెళ్ళి వస్తున్నాను.

వాతావరణం బాగుంది. పిన్నిని అడిగానని చెప్పు.

తోరున్


లింగ్‌స్తాద్
సెప్టెంబరు

అక్కా,

అమ్మ పొద్దున ఫోన్ చేసి చెప్పింది. బోర్యే అన్నయ్య పోయాడని, ఎల్గ్‌షో అడవిలో చెట్టు తొడ మీద పడిందని, వీక్ నుంచి వెళ్ళిన బండిలో ఉన్నది నువ్వేనని. ఫోన్ పెట్టేసి కోటు తగిలించుకున్నాను.

తర్వాత ఆఫీసుకి వెళ్ళి రిపోర్టు తెరిచాను. అది వెంటనే తెరుచుకుంది. పశ్చిమం పచ్చగా ఉంది అక్కా. ఈ నెల కూడా పచ్చగానే ఉంది. అన్నయ్య ఆ పచ్చరంగులో ఎక్కడో ఉన్నాడు. తెర పగలగొట్టాలనిపించింది.

నీకు రాయనిది ఒకటుంది. మార్చిలో మోర్టెన్ "ఇతర విషయాలు?" అన్నాక గది చుట్టూ చూశాడు. చూస్తూ చూస్తూ నా దగ్గర ఆగాడు. ఏమైనా చెబుతావా అన్నట్టే ఆగాడు. అప్పుడు అడ్డుపడే పద్ధతి ఏదీ లేదు. నేను తల దించుకుని కంప్యూటర్ మూత మూశాను. పిరికిదాన్ని అక్కా, ఇంకే పేరూ లేదు దీనికి.

అక్టోబరు మీటింగ్‌లో నా పేరు మీద ఒక అంశం పెట్టించాను. ఇతర విషయాల్లో కాదు, మొదటి అంశంగానే. ఆ రోజు జరిగింది మొదటి నుంచి చివరి దాకా నాకు రాసి పంపు. ఏదీ వదలొద్దు. ఎంత పొడుగైనా సరే, అక్షరం పోకుండా నిలబడి చదువుతాను. కాఫీ చల్లారిపోయినా వాళ్ళ చేత వినిపిస్తాను. నన్ను తిట్టు, కొట్టు, రాయి మాత్రం మానకు.

నీ చెల్లి
హెడ్డా


తార్నబెర్గ్
సెప్టెంబరు

హెడ్విగ్ గారికి,

జరిగింది మొత్తం రాసి పంపమన్నారు. రాశాను. చాలా పొడుగు వచ్చింది. ఇంత పొడుగైతే తెరవడానికి ఆలస్యమవుతుంది కదా. మీ దగ్గర నేర్చుకున్న పద్ధతిలో తగ్గించి పంపుతున్నాను.

వీక్ కుర్రాడు మ్యాపు చెప్పిన దారినే పోనిచ్చి కోసుకుపోయిన రోడ్డు ముందు బండి ఆపిన సంగతి తీసేశాను. దుంగల బాట ఎక్కడ మొదలవుతుందో చీకట్లో నాకు గుర్తు రాక ఏడ్చిన సంగతి తీసేశాను. ఆ మలుపు ఎప్పుడూ బోర్యేయే చూసుకునేవాడు, నేను గమనికలో రాసేదాన్ని. ఆ గమనిక మూడో పేజీ అడుగున, బటన్ కింద ఉంది.

వీక్ నుంచి బండి రావడానికి ఎంత పడుతుందో బోర్యేకి మనందరికంటే బాగా తెలుసు. అది తెలిసి ఆయన మీద పడ్డ చెట్టు కిందే, రక్తం ఆగేలా తన బెల్టుతో తనే కాలు బిగించుకున్నాడు. అదీ తీసేశాను.

నేను పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాక ఆయనకింకా మాట ఉంది. "వచ్చావా డాక్టరమ్మా" అన్నాడు. ఆ తర్వాత నీ గురించి ఒక మాట అన్నాడు. అది తీసేశాను. దాని మీద ఎవరూ నొక్కరు.

మిగిలింది ఇది: పిలుపు ఒకటి. బండి వెళ్ళింది. రంగు పచ్చ.

కాఫీ పొట్లం విప్పలేదు, తిప్పి పంపుతున్నాను. మీటింగ్‌లో పనికొస్తుంది.

ఇతర విషయాలు: ఏమీ లేవు.

తోరున్